మా అమ్మాయి క్లిప్పుల పళ్ళకు వాడిన జీసీ టూత్ మూస్: ఎవరికి అవసరం, ఎవరికి కాదు

పిల్లల పళ్ళకు క్లిప్పులు వేయించినవాళ్ళు, వేయించబోతున్నవాళ్ళు ఈ క్రీమ్ గురించి నన్ను అడుగుతూనే ఉన్నారు. మా స్కూలు స్టాఫ్ రూమ్‌లో అయితే మరీ. అందుకే ఒక్కచోట వివరంగా రాస్తున్నాను. జీసీ టూత్ మూస్ మంచి వస్తువు. మా అమ్మాయి విషయంలో పెట్టిన డబ్బుకు తగ్గ పని చేసింది. అయితే ఇది పేస్టు కాదు, పేస్టుకు బదులుగా వాడేది అసలే కాదు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండుపూటలా శుభ్రంగా తోముకున్నాక, పన్ను కోల్పోయిన ఖనిజాన్ని తిరిగి అందించడానికి పైన పూసుకునేది. ఈ మాట మా నల్గొండ వైపు ఇంకా గట్టిగా చెప్పాలి. ఎందుకో కింద రాశాను.

ముందు అసలు సమస్య. క్లిప్పులు వేస్తే పళ్ళు పాడైపోతాయని చాలామంది భయపడతారు. పన్నును పాడుచేసేది క్లిప్పు కాదు, దాని చుట్టూ నిలిచే పాచి. ప్రతి పన్ను మీదా అతికించిన బ్రాకెట్ అనే చిన్న ముక్క, దాని రెక్కల కింద సందు, చుట్టూ బిగించిన రబ్బరు రింగు, మధ్యలోంచి పోయే వైరు. మామూలుగా అయితే నాలుక, బుగ్గ, లాలాజలం పళ్ళను ఎప్పటికప్పుడు తుడుస్తుంటాయి. ఈ సందుల్లోకి అవేవీ చేరవు. అక్కడ పేరుకున్న పాచిలోని బాక్టీరియా మనం తిన్న చక్కెరను తిని యాసిడ్ వదులుతుంది. యాసిడ్‌ను కొలిచే పీహెచ్ (యాసిడ్ పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 5.5 కంటే కిందికి దిగితే పన్ను పైనుండే గట్టి పొర ఎనామిల్లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం ఆ యాసిడ్‌ను తగ్గించి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. పోవడం, రావడం రోజంతా జరిగేవే. పోయేది ఎక్కువై వచ్చేది తక్కువైతే పన్ను మీద తెల్లమచ్చ పడుతుంది. క్లిప్పులు వేసిన నెల రోజుల్లోనే ఇది మొదలుకావచ్చు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఎందుకంటే ఎముకలో జీవకణాలున్నాయి. ఎనామిల్లో ఒక్క కణం కూడా లేదు, బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. గుంట పడితే అది తనంతట తాను పూడదు. అందుకే తెల్లమచ్చ దశలోనే పట్టుకోవాలి.

మా అమ్మాయివి ఎత్తుపళ్ళు. తొమ్మిదో తరగతిలో ఉండగా క్లిప్పులు వేయించాం. దానికి తోడు ముక్కుదిబ్బడ, రాత్రిళ్ళు నోరు తెరుచుకుని పడుకుంటుంది. పై ముందుపళ్ళు తెల్లవార్లూ ఎండిపోయి ఉంటాయి. అంటే లాలాజలం చేసే మరమ్మతు ఆ పళ్ళకు రాత్రిపూట సరిగ్గా అందదు. కొన్ని నెలలయ్యాక వైరు మార్పించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ "మేడమ్, ఒకసారి ఇటొచ్చి చూడండి" అని పిలిచారు. పై వరసలో నడిమి పళ్ళకు పక్కనుండే చిన్న పన్ను. నాకేమీ కనిపించలేదు, మామూలుగా మెరుస్తూనే ఉంది. ఆవిడ బుగ్గను పక్కకు లాగిపట్టి, గాలి గొట్టంతో ఆ పన్ను మీద కాసేపు ఊదారు. తడి ఆరుతున్న కొద్దీ బ్రాకెట్‌కీ చిగురుకీ మధ్య వంపు తిరిగిన ఒక సన్నని గీత బయటపడింది. మెరుపు లేదు, సుద్దముక్కతో గీసినట్టుంది. బుగ్గ వదలగానే లాలాజలం తగిలి మళ్ళీ మాయమైంది.

కరిగిన చోట ఎనామిల్ లోపల కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలు ఏర్పడతాయి. వాటిలో తడి ఉన్నంతసేపు వెలుతురు దాదాపు మామూలుగానే లోపలికి పోతుంది. తడి ఆరి గాలి నిండితే వెలుతురు చెదిరిపోయి అక్కడ తెల్లగా కనిపిస్తుంది. ఆరబెడితేనే కనిపించే మచ్చ తొలి దశ అనీ, తడిగా ఉన్నప్పుడు కూడా కనిపిస్తే ఇంకాస్త లోతుకు పోయిందని అర్థమనీ డాక్టరమ్మ చెప్పారు. పక్కనున్న కోరపన్ను మీద అలాంటి మచ్చే ఇంకొకటి ఉంది, అది తడిలోనూ కొద్దిగా కనిపిస్తోంది. ఆ రోజే క్లినిక్‌లో ఫ్లోరైడ్ వార్నిష్ (పన్నుకు అంటుకుని ఉండే గాఢమైన ఫ్లోరైడ్ పూత) పూసి, ఇంటి దగ్గర వాడమని ఈ క్రీమ్ రాసిచ్చారు. క్లిప్పులు వేయించిన ప్రతి ఒక్కరికీ రాయననీ, మచ్చ కనిపించినవాళ్ళకే రాస్తాననీ కూడా చెప్పారు. ఆ మాటకు నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

ఇంతకీ ఆ ట్యూబులో ఏముంది? నేను జీవశాస్త్రం చెప్పే టీచర్ని కాబట్టి డబ్బా మీద ఉన్నది చదవకుండా ఊరుకోలేను. పాలు విరిగినప్పుడు గడ్డకట్టే ప్రొటీన్ ఉంటుంది కదా, కేసీన్. దాని ముక్కలు తీసుకుని వాటికి కాల్షియం, ఫాస్ఫేట్ పట్టించి తయారుచేసిన పదార్థం. పేరు సీపీపీ-ఏసీపీ, అమ్మే పేరు రికాల్డెంట్. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ యూనివర్సిటీలో ఎరిక్ రేనాల్డ్స్ బృందం కనిపెట్టింది. జపాన్‌కు చెందిన జీసీ కంపెనీ దాన్ని ఇలా క్రీమ్‌గా అమ్ముతోంది, అందులో ఈ పదార్థం 10 శాతం. మామూలుగా కాల్షియం, ఫాస్ఫేట్ నీళ్ళలో కలిస్తే రెండూ గట్టిపడి అడుగుకు చేరతాయి, పన్నుకు ఉపయోగపడవు. ఈ కేసీన్ ముక్కలు వాటిని గట్టిపడనీయకుండా పట్టుకుని, పాచికీ పన్నుకీ అంటుకుని ఉంటాయి. పాచిలో యాసిడ్ పుట్టినప్పుడు వాటిని వదులుతాయి. ఎక్కడ ఖనిజం పోతోందో అక్కడే, పోతున్నప్పుడే అందుతుంది. ఇలా ఊరికే పైన పూతలా కూర్చోకుండా పన్నుతో, లాలాజలంతో కలిసి పనిచేసేవాటినే బయోయాక్టివ్ పదార్థాలంటున్నారు.

వాడే పద్ధతి తేలికే. రాత్రి తోముకున్నాక బఠాణీ గింజంత క్రీమ్ వేలి మీద తీసుకుని పళ్ళకు పూయాలి. మొదట్లో నేనే పూసేదాన్ని, ఎక్కడ పూయాలో అమ్మాయికి తెలియాలని. బ్రాకెట్ మీద పూస్తే లాభం లేదు, బ్రాకెట్‌కీ చిగురుకీ మధ్య ఉండే ఆ కొద్ది జాగాలో వేలి కొనతో అద్దాలి. చివరి పన్ను దగ్గర వైరు కొన గీసుకుంటుంది, చూసుకోండి. కనీసం 3 నిమిషాలు అలా ఉంచి, తర్వాత మిగిలింది నాలుకతో నోరంతా తిప్పి, వీలైనంతసేపు ఉంచుకుని ఉమ్మేయాలి. నీళ్ళతో పుక్కిలించకూడదు. అరగంట దాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. మేం తీసుకున్నది స్ట్రాబెర్రీ వాసన. కొంచెం తీపిగా, పాలపొడి రుచితో ఉంటుంది. మా అమ్మాయికి నచ్చింది, అందుకే గొడవ లేకుండా వాడింది. పిల్లలు రోజూ వాడాల్సిన వస్తువుకు రుచి చిన్న విషయం కాదు. పడుకోబోయే ముందు పూసుకోవడం దీనికి ఇంకో విధంగా మంచిదైంది, నోరు ఎండిపోయే సమయంలోనే పన్ను మీద ఏదో ఒకటి ఉంటుంది కదా.

ఇప్పుడు నల్గొండ సంగతి. జీసీ టూత్ మూస్‌లో ఫ్లోరైడ్ లేదు. 'ప్లస్' అని రాసి ఉండే రకంలో ఉంటుంది, 900 పీపీఎం, అంటే పదిలక్షల పాళ్ళలో 900. ఈ ముక్క తెలియగానే మా కొలీగ్స్‌లో ఇద్దరు ముగ్గురు "అయితే ఇదే మేలు, పేస్టు మానేసి దీనితోనే తోమిస్తాం" అన్నారు. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. నేను మా జిల్లాలోనే మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగి పెరిగినదాన్ని. నా ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. మా అత్తమ్మకు మోకాళ్ళు వంగవు, నడుం నిలవదు. మా అమ్మాయి చేతిలో ఫ్లోరైడ్ పేస్టు చూసి ఆమె "మల్లా ఫ్లోరినేనా పిల్ల నోట్లో పెట్టేది? మనం పడ్డది చాలదా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఏ పళ్ళ డాక్టరూ మా జిల్లాలో ఫ్లోరైడ్ పేస్టు రాయకూడదు. అత్తమ్మకు నేను చెప్పింది ఇది.

తాగే నీళ్ళు కడుపులోకి పోతాయి. పేస్టు ఉమ్మేస్తాం. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు రోజుకు 3 లీటర్లు తాగిన మనిషి ఒంట్లోకి 12 మిల్లీగ్రాములు పోతుంది, అదీ రోజూ, ఏళ్ళ తరబడి. ఎముకల్ని వంచింది అదే. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదు. అంటే గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్టు పావు గ్రాము ఉంటుంది, అందులో ఫ్లోరైడ్ పావు మిల్లీగ్రాము, దానిలోనూ ఎక్కువ భాగం బయటికే పోతుంది. ఇక పళ్ళ మీద చారల సంగతి. అవి పన్ను చిగురులోపల తయారవుతున్న వయసులో పడతాయి. ముందుపళ్ళ ఎనామిల్ చిన్నతనంలోనే పూర్తయిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లకు పేస్టువల్ల ముందుపళ్ళ మీద కొత్తగా చారలు రావు. పన్ను పైనుంచి తగిలే ఫ్లోరైడ్ చేసే పని వేరు. కరిగిన చోట తిరిగి చేరే ఖనిజంలో అదీ కలుస్తుంది, అలా ఏర్పడిన పొర పీహెచ్ 4.5 దాకా తట్టుకుంటుంది. టూత్ మూస్ కాల్షియం, ఫాస్ఫేట్ ఇస్తుంది, పేస్టు ఫ్లోరైడ్ ఇస్తుంది. పన్నుకు ఆ మూడూ కావాలి. ఉమ్మడం సరిగ్గా రాని చిన్నపిల్లల విషయం వేరు, వాళ్ళకు ఎంత పేస్టు వాడాలో డాక్టర్నే అడగండి. అత్తమ్మ అంతా విని, "మింగనీయకు మరి" అంది. మేం ఆ మాట తప్పలేదు.

ఇంకో సంగతి. చిన్నప్పుడు ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన పిల్లల పళ్ళ మీద ముందునుంచే తెల్లమచ్చలు ఉండొచ్చు. అవి సాధారణంగా కుడివైపు పన్ను మీదా ఎడమవైపు పన్ను మీదా ఒకేలా, అడ్డగీతల్లా ఉంటాయి. క్లిప్పులవల్ల వచ్చేవి బ్రాకెట్ చుట్టూ, చిగురువైపు ఉంటాయి. కానీ ఏడాది గడిచాక ఏది పాతదో ఏది కొత్తదో చెప్పడం కష్టం. క్లిప్పులు వేయకముందే వెలుతురులో పళ్ళు ఫోటోలు తీయించి దాచుకోండి. మా డాక్టరమ్మ తీసిన పాత ఫోటో ఉండబట్టే ఈ రెండు మచ్చలూ కొత్తవని తేలింది.

ఇదే కోవలో మెడికల్ షాపుల్లో దొరికే వేరే పేస్టులున్నాయి. బయోయాక్టివ్ గాజు పొడితో చేసినవి. 1969లో అమెరికాలో ఫ్లోరిడా యూనివర్సిటీలో లారీ హెంచ్ ఎముకకు అతుక్కునే గాజు తయారుచేశాడు. దాన్నే మెత్తగా నూరి పేస్టులో కలిపితే, లాలాజలం తగలగానే సోడియం, కాల్షియం, ఫాస్ఫేట్ వదిలి పన్ను మీద ఎనామిల్‌ను పోలిన పొర కడుతుంది. ట్యూబు మీద కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ అని రాసి ఉంటుంది. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ళ వాంటేజ్ నేను చూసినప్పుడు ఆ రకమే. ఇవి ఎక్కువగా పళ్ళు జివ్వుమనేవాళ్ళకోసం అమ్ముతారు. గ్రూప్ ఫార్మా వాళ్ళ ఎల్సెంజ్‌లో ఫ్లోరైడ్‌ను గాజులోనే కలిపారు, ఆ గాజు లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో రూపొందింది. క్రీమ్ లేకుండా ఒకే పేస్టుతో పని కావాలనుకునేవాళ్ళు దీని గురించి డాక్టర్‌ను అడగొచ్చు. మేం వాడలేదు కాబట్టి ఇంతకంటే చెప్పను. ఒక షాపులో అబ్బాయి టూత్ మూస్ లేదని, "అన్నీ ఒకటే మేడమ్" అంటూ ఇంకేదో ట్యూబు చేతిలో పెట్టాడు. తిప్పి చూస్తే అందులో కాల్షియమూ లేదు, ఫాస్ఫేటూ లేదు, నొప్పి తెలియకుండా చేసే పొటాషియం నైట్రేట్ ఉంది. లేబుల్ చదవకుండా ఏదీ తీసుకోకండి.

ఫలితం. క్లిప్పులున్నంత కాలం రాత్రిపూట దాదాపు తప్పకుండా వాడాం. చిన్న పన్ను మీద మచ్చ పెరగలేదు. డాక్టరమ్మ ఆరబెట్టి చూసిన ప్రతిసారీ దాని అంచు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది, చివరికి చాలాసేపు ఊదితే తప్ప కనిపించని దశకు వచ్చింది. కోరపన్ను మీదిది మాత్రం పూర్తిగా పోలేదు. మెరుపు తిరిగొచ్చింది, రంగు తేడా మిగిలింది. పైపొర గట్టిపడినా లోపల మచ్చ ఉండిపోవచ్చని, అది సహజమేనని చెప్పారు. కొత్త మచ్చలు రాలేదు. ఇదంతా క్రీమ్ ఘనతే అని నేను అనను. అదే సమయంలో వార్నిష్ పూశారు, 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్నది, అందులో ఫ్లోరైడ్ 22,600 పీపీఎం. మా అమ్మాయి తోమే తీరు కూడా మారింది. వైరు పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి ఏటవాలుగా తోమి, బ్రాకెట్ల మధ్య సందులకు సన్నటి చిన్న బ్రష్ వాడటం నేర్చుకుంది. కూల్ డ్రింకులు ఇంటికి తేవడం మానేశాం. పరిశోధనల్లోనూ ఇంతే, ఈ క్రీమ్ బాగా పనిచేసిందన్నవీ ఉన్నాయి, ఫ్లోరైడ్ పేస్టు సరిగ్గా వాడేవాళ్ళలో అదనంగా పెద్ద తేడా కనిపించలేదన్నవీ ఉన్నాయి. నోరు ఎండిపోయే అలవాటుండి, మచ్చ మొదలైన మా అమ్మాయిలాంటి పిల్లలకు ఆ అదనపు సాయం విలువైనదని నా నమ్మకం.

ధర గురించి చెప్పకపోతే తప్పవుతుంది. 40 గ్రాముల చిన్న ట్యూబు, మామూలు పేస్టుతో పోల్చలేనంత ఖరీదు. రాత్రి ఒక్కపూట, బఠాణీ గింజంతే వాడితే చాలాకాలం వస్తుంది. ఆ డబ్బు కష్టమైన ఇంట్లో నేనైతే ముందు ఫ్లోరైడ్ పేస్టు, సందుల్లో తోమే చిన్న బ్రష్షులు, క్లినిక్‌లో వార్నిష్ చూసుకోమంటాను. ఆ మూడూ వదిలేసి ఈ క్రీమ్ కొనడం మాత్రం వద్దు. తోమకుండా పాచి మీద క్రీమ్ పూస్తే యాసిడ్ పుట్టడం ఆగదు.

పాల ప్రొటీన్ అలర్జీ ఉన్నవాళ్ళు దీన్ని ముట్టుకోకూడదు, డబ్బా మీదే రాసి ఉంటుంది. పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవాళ్ళ సమస్య సాధారణంగా పాలలోని చక్కెరతో, అది వేరు. కానీ పాలు తగిలితే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఇది ప్రమాదం. హైడ్రాక్సీబెంజోయేట్లు (చెడిపోకుండా కలిపే పదార్థాలు) పడనివాళ్ళూ వాడకూడదు. పాల పదార్థాలు అసలే తీసుకోనివాళ్ళకు కూడా ఇది పనికిరాదు.

క్లిప్పులు తీసేశాక మిగిలిన మచ్చను వెంటనే ఏదో ఒకటి చేయించాలని మేం తొందరపడ్డాం. డాక్టరమ్మ ఆగమన్నారు. ఆ దశలో మచ్చ మీద ఎక్కువ మోతాదు ఫ్లోరైడ్ పూస్తే పైపొర మూసుకుపోయి లోపలిది అలాగే ఉండిపోతుందట. కొన్ని నెలలు మామూలు పేస్టు, లాలాజలం, ఈ క్రీమ్ తమ పని చేయనిచ్చి, అప్పటికీ కనిపిస్తే రెసిన్ ఇంకించే చికిత్స ఉందని చెప్పారు. పన్ను గీకకుండా మచ్చలోని రంధ్రాల్లోకి పలచటి రెసిన్ (తర్వాత గట్టిపడే ద్రవం) ఇంకిస్తారు. మా అమ్మాయి అద్దంలో చూసుకుని, "అమ్మా, ఇది నాకు తప్ప ఎవరికీ కనిపించదు, వద్దులే" అంది.

ఇప్పుడున్న ట్యూబు అయిపోతే ఇంకొకటి కొనక్కర్లేదని డాక్టరమ్మ అన్నారు. వచ్చే నెల మా తమ్ముడి కొడుక్కి క్లిప్పులు వేస్తున్నారు. వాడికి మచ్చలేమీ లేవు, నోరు ఎండదు, తోమడం బద్ధకం ఒక్కటే. అక్కా, ఆ క్రీమ్ పేరు పంపించు అని తమ్ముడు ఫోన్ చేస్తే, ప్రస్తుతానికి సందుల బ్రష్షులు, 1000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టు కొని, వార్నిష్ గురించి డాక్టర్ని అడగమన్నాను. ఎప్పుడైనా ఆరబెట్టి చూసి మచ్చ ఉందంటే అప్పుడు పేరు పంపిస్తాను.